ఉప్పు లేనిదే ఐస్‌క్రీమ్ లేదు

పాలల్లో నీళ్ళెన్నో చెప్పడమే ఇన్నేండ్లూ నా పని. మంచేనహళ్ళికి ఆనుకుని ఉన్న పల్లెలో, ఆడవాళ్ళే నడుపుకునే డైరీలో టెస్టరుగా చేశాను. తెల్లవారుతూనే ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి, క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళ పాలకు ఫ్యాట్ చూడాలి, డిగ్రీ చూడాలి, చీటీ రాసివ్వాలి. ఆ చీటీని బట్టే బిల్లు. కాబట్టి ఊళ్ళో నాతో మాట్లాడనివాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. “చుక్క నీళ్ళు కలపలేదక్కా, నీ మిషనే చెడింది” అని పోట్లాడినవాళ్ళకు నేను చెప్పిన జవాబు ఒకటే: నువ్వు కలపకపోయినా నీ ఆవు కలిపింది. ఎంత నిఖార్సైన ఆవుపాలైనా నూరు గ్రాముల్లో 87 గ్రాముల దాకా నీళ్ళే.

ఇంట్లో ఐస్‌క్రీమ్ చేయడమంటే ఆ 87 గ్రాముల నీళ్ళతో తగాదా పెట్టుకోవడమే. ఎసెన్సు ఏ కంపెనీది, రంగు వేయాలా వద్దా, పైన జీడిపప్పు చల్లాలా అనేవన్నీ తర్వాతి సంగతులు. నీళ్ళను లొంగదీసుకోవడం తెలిస్తే మా ఊరి సీమావు పాలతోనే బెంగళూరు అంగళ్ళకు తీసిపోని ఐస్‌క్రీమ్ వస్తుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన ఫ్రిజ్జు కొన్నా వచ్చేది పాలైసే.

మా వైపు తెలియనివాళ్ళకు రెండు మాటలు. చిక్కబళ్ళాపురం నుంచి గౌరిబిదనూరు వెళ్ళే దారిలో ఉంటుంది మంచేనహళ్ళి. మొన్నమొన్నటిదాకా గౌరిబిదనూరు తాలూకాలో ఉండేది, ఇప్పుడు తనే తాలూకా. జిల్లా కూడా కొత్తదే, 2007లో కోలారు నుంచి విడిపోయింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, పాలు నందిని డైరీకి. ఎండాకాలం వచ్చిందంటే పచ్చిమేత తగ్గుతుంది, ఎండకు సీమావులు డస్సిపోతాయి. పాలు తగ్గుతాయి, ఉన్న పాలల్లో ఫ్యాట్ కూడా తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే బడులకు సెలవులిస్తారు. మనవళ్ళు, మనవరాళ్ళు, ఆడబిడ్డల పిల్లలు అందరూ ఇంట్లో దిగుతారు, పాలు తక్కువ, నోళ్ళు ఎక్కువ. ఆ రోజుల్లో ఒక లీటరు డైరీకి పోయకుండా అట్టిపెట్టి పిల్లలకు ఐస్‌క్రీమ్ చేయడమంటే లెక్కలేసుకుని చేసే పని. చెడిపోతే బాధ అందుకే.

మా కోడలిది హిందూపురం. పెళ్ళయిన కొత్తలో సెల్‌ఫోన్‌లో చూసి ఐస్‌క్రీమ్ చేసింది. పాలు కాచి, చక్కెర వేసి, కస్టర్డ్ పౌడర్ కలిపి, చల్లారాక స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టింది. మరునాడు మధ్యాహ్నం చెంచా గుచ్చితే చెంచా వంగింది. నాలుక మీద పెట్టుకుంటే కరకరా పలుకులు, కింద తీపి లేని మంచు, మధ్యలో తీపంతా చేరి జిగురు. “అన్నీ సరిగ్గానే ఏసినా గదత్తా, ఎందుకిట్లయింది?” అని మొహం చిన్నబుచ్చుకుంది. వేసినవాటిలో తప్పేమీ లేదు. కదలకుండా పెట్టడంలో వచ్చింది చిక్కంతా.

పాలు నిదానంగా, కదలిక లేకుండా గడ్డకడితే ఏమవుతుందంటే, ముందు అందులోని నీళ్ళు మాత్రమే గడ్డకడతాయి. చక్కెర, వెన్న, పాలపిండి ఆ గడ్డలో ఇమడవు, పక్కకు తోసేయబడతాయి. మొదట పుట్టిన మంచు పలుకు చుట్టుపక్కల నీళ్ళనంతా తనలోకి లాక్కుని పెద్దదవుతుంది. ఎంత నిదానమైతే అంత పెద్ద పలుకు. మన నాలుక చాలా గట్టిది ఈ విషయంలో: మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంటే 0.05 మిల్లీమీటర్లు దాటిన పలుకును ఇట్టే పసిగడుతుంది. అంతకన్నా చిన్నవైతే లెక్కపెట్టలేనన్ని పలుకులున్నా నాలుకకు తెలియదు, నున్నగా ఉందనుకుంటుంది. అంగట్లో దొరికే మంచి ఐస్‌క్రీమ్‌లోనూ మంచు పలుకులే ఉన్నాయి. అవి చిన్నవి, అంతే.

పలుకులు చిన్నవి కావాలంటే రెండు పనులు జరగాలి. చలి గబుక్కున తగలాలి, తగులుతున్నంతసేపూ కలియబెడుతూ ఉండాలి. ఇంటి ఫ్రీజర్ ఈ రెండూ చేయదు. దాని లోపల మైనస్ 18 డిగ్రీలని రాసి ఉంటుంది గానీ ఆ చలి గాలి ద్వారా తగలాలి, గాలి చలిని అందించడంలో మహా సోమరి. పైగా ఏప్రిల్ నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో. తలుపు తీసిన ప్రతిసారీ లోపలిది కాస్త కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది, ఆ కరిగి గట్టిపడిన ప్రతిసారీ పలుకు ఇంకాస్త లావెక్కుతుంది.

ఇక్కడే ఉప్పు కావలసి వస్తుంది. కూరలో వేసే మెత్తటిది కాదు, రాళ్ళుప్పు.

ఒట్టి ఐసుగడ్డల్లో పాలడబ్బా పెట్టి రాత్రంతా కూర్చున్నా ఐస్‌క్రీమ్ కాదు. కరిగే ఐసు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. చక్కెర కలిపిన పాలు 0 దగ్గర గడ్డకట్టడం మొదలే పెట్టవు, మైనస్ రెండున్నర, మూడు దాకా దిగాలి. తీపి ఎక్కువైతే ఇంకా కిందికి. ఐసు మీద రాళ్ళుప్పు చల్లితే ఐసు గబగబా కరుగుతుంది. కరగడానికి వేడి కావాలి. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీలు పడుతుంది, అంటే గ్రాము నీళ్ళను 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి అయ్యేంత. ఆ వేడిని ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? తనలోంచి, పక్కనున్న ఉప్పునీళ్ళలోంచి, మధ్యలో కూర్చున్న పాలడబ్బాలోంచి. మామూలు నీళ్ళయితే 0 దగ్గర మళ్ళీ గడ్డకట్టి అక్కడే ఆగిపోయేవి. ఉప్పునీళ్ళు అంత తేలిగ్గా గడ్డకట్టవు కాబట్టి కరగడం ఆగదు, చలి దిగుతూనే ఉంటుంది. లెక్కప్రకారం నూటికి 23 పాళ్ళు ఉప్పున్న నీళ్ళు మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటాయి. మన బకెట్టులో అంత దాకా పోదు. మైనస్ 12, 15 వచ్చిందంటే చాలు, అది కూడా గాలి కాదు, డబ్బాను నాలుగువైపులా అంటిపెట్టుకున్న ద్రవం. ఫ్రీజర్‌కన్నా చలి తక్కువే, పని మాత్రం ఎక్కువ.

ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు చేసేదీ ఈ ఉప్పునీళ్ళతోనే అని చాలామందికి తెలియదు. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్ళను మిషన్‌తో చల్లబరిచి, అందులో మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు ముంచుతారు. ఆ నీళ్ళు గడ్డకడతాయి, ఉప్పునీళ్ళు కట్టవు. మనకు రంపపుపొట్టులోనో వరి ఊకలోనో చుట్టి అమ్మే గడ్డ అలా పుట్టిందే.

ఈ ఉప్పు కిటుకు మనం కనిపెట్టింది కాదు, ఐరోపా వాళ్ళ సొంతమూ కాదు. అక్బరు కాలంలో నీళ్ళు చల్లబరచడానికి సూరేకారం వాడేవారని అబుల్ ఫజల్ తన ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. సూరేకారం నీళ్ళలో కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది, ఆ నీళ్ళలో కూజా తిప్పితే కూజాలోవి చల్లబడతాయి. ఐసు మాత్రం మన దక్షిణానికి గగనమే. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చెరువుల్లో కోసిన మంచుగడ్డల్ని ఓడలో కలకత్తాకు పంపి అమ్మించాడు. నాలుగు నెలలు సముద్రం మీద ప్రయాణం చేసి కూడా సగానికి పైగా కరగకుండా చేరింది. మద్రాసులో ఆ ఐసు దాచడానికి 1842లో కట్టిన ఇల్లు ఇప్పటికీ సముద్రం ఒడ్డున ఉంది, అదే ఇప్పటి వివేకానంద ఇల్లం. ఆ మరుసటి ఏడు, 1843లో, ఫిలడెల్ఫియాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్టుకు పేటెంటు తీసుకుంది. చెక్క తొట్టి, లోపల రేకు డబ్బా, డబ్బాలో తెడ్డు, పైన పిడి. ఇప్పుడు నా వంటింటి మూల ఉన్నదాంట్లోనూ అంతకుమించి ఏమీ లేదు.

నాది బెంగళూరు చిక్కపేటలో మా తమ్ముడు కొనిచ్చింది. చెక్క బకెట్టుకు రెండు ఇనుప పట్టీలు. ఏడాదిలో పది నెలలు అటక మీద ఉంటుంది కాబట్టి చెక్క ఎండి సందులు పడతాయి. అందుకని వాడే ముందురోజు నిండా నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాలి. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఈ పని మరిచినవాళ్ళ ఇంట్లో ఉప్పునీళ్ళు గచ్చంతా పారతాయి.

ఇక పాల లెక్క. మా డైరీ పద్ధతిలోనే చెప్తాను. ఐస్‌క్రీమ్‌లో ఫ్యాట్ నూటికి పది దాకా ఉంటే నోట్లో నిండుగా ఉంటుంది. సీమావు పాలల్లో ఉండేది మూడున్నర. కాబట్టి లీటరు ఆవుపాలను అడుగంటకుండా కలుపుతూ 650 గ్రాముల దాకా మరగనివ్వాలి. నీళ్ళు పోతాయి, పాలపిండీ ఫ్యాటూ మిగులుతాయి. అందులో 200 గ్రాముల తాజా క్రీమ్, 130 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు. ఇంట్లో తీసిన మీగడైతే ఆ పూటదే వాడాలి, నాలుగు రోజులు కూడబెట్టిన పులిసిన మీగడ పనికిరాదు. ఎనుము పాలు దొరికితే ఇంత తంటా లేదు. అందులో ఫ్యాట్ ఆరూ ఏడూ ఉంటుంది, లీటరును 650కి మరగబెడితే క్రీమే అక్కర్లేదు. ప్యాకెట్టు పాలయితే 6 శాతం ఫ్యాట్ అని రాసి ఉన్నది కొనండి.

మరీ ఎక్కువ మరగబెట్టకండి. బాసుందిలాగా చిక్కబడితే గట్టిపడ్డాక ఇసుక నములుతున్నట్టు ఉంటుంది. అది మంచు కాదు, పాలల్లోని తీపి, లాక్టోజు, పలుకులు కట్టడం. చక్కెర తగ్గించి ఆరోగ్యమని మురిసిపోవద్దు. చక్కెర ఐస్‌క్రీమ్‌లో తీపి కోసమే లేదు, నీళ్ళన్నీ గడ్డకట్టకుండా ఆపేది అదే. సగం చేస్తే రాయి అవుతుంది, రెట్టింపు చేస్తే రాత్రి దాకా తిప్పినా గట్టిపడదు.

కస్టర్డ్ పౌడర్ అంటే రంగూ వాసనా కలిపిన మొక్కజొన్న పిండే. దాని పని నీళ్ళను పట్టి ఉంచడం. ఆ పనికి నేను రాగిపాలు వాడతాను. రాగులు నానబోసి, రుబ్బి, గుడ్డలో పిండితే వచ్చే పాలు, హాల్బాయి అనే మా వైపు తీపికి తీసినట్టే. లీటరు పాలకు రెండు మూడు చెంచాల రాగిపాలు పోసి చివరి అయిదు నిమిషాలు ఉడికిస్తే చాలు. రంగు కొంచెం మబ్బుగా వస్తుంది. తెల్లగా ఉండాలనుకునేవాళ్ళు మొక్కజొన్న పిండే వేసుకోండి, నాకేం పట్టింపు లేదు.

దించిన పాలను చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్జులో, ఫ్రీజర్లో కాదు కింద అరలో, పెట్టాలి. ఇది చాలామంది ఎగ్గొట్టే మెట్టు. చల్లగా నిలవ ఉన్నప్పుడు ఫ్యాట్ బిగుసుకుంటుంది, పిండి నీళ్ళను పూర్తిగా పీల్చుకుంటుంది. తెల్లారి తిప్పేటప్పుడు గాలి పట్టేది ఆ బిగిసిన ఫ్యాటే. గోరువెచ్చని పాలు పోసి గబగబా తిప్పితే వెన్న తేలుతుంది.

మరునాడు పొద్దున్నే ఎండెక్కక ముందు బకెట్టు దగ్గర కూర్చోవాలి. లీటరు పాలకు నాలుగు కిలోల ఐసు, కిలో రాళ్ళుప్పు. ఐసు దొరకని ఊళ్ళలో ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి నీళ్ళు పోసి, ముడేసి, రెండు రోజుల ముందునుంచే ఫ్రీజర్లో గడ్డకట్టించుకోవచ్చు. గడ్డల్ని గోనెసంచిలో వేసి రోకలితో కొట్టాలి, ఉసిరికాయంత ముక్కలయ్యేదాకా. మరీ పొడి చేస్తే తొందరగా అయిపోతుంది, పెద్దగా ఉంచితే డబ్బాకు అంటవు. పాలడబ్బాను మూడొంతులకు మించి నింపకూడదు, పొంగడానికి చోటు కావాలి. డబ్బా చుట్టూ ఒక వరస ఐసు, గుప్పెడు ఉప్పు, మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. డబ్బా మూతకు రెండు వేళ్ళ కిందనే ఆపాలి. ఉప్పునీళ్ళు మూత దాటి లోపల ఒక్క చెంచాడు పడ్డా లీటరు పాలూ కుడితి తొట్టి పాలే.

మొదట నిదానంగా తిప్పాలి. అయిదారు నిమిషాలు ఏమీ తెలియదు, పిడి తేలిగ్గా తిరుగుతుంది, లోపల గలగల వినిపిస్తుంది. అప్పుడే పిల్లలు ఎగబడతారు, “నేనవ్వా, నేనవ్వా” అని. తిప్పనివ్వండి. చేతులు మాత్రం ఆ నీళ్ళలో పెట్టనివ్వకండి. మైనస్ పన్నెండు డిగ్రీల ఉప్పునీళ్ళు వేళ్ళను కాల్చినంత పని చేస్తాయి. పది నిమిషాలకు గలగల పోయి చప్పుడు మందంగా మారుతుంది. డబ్బా బయట గోడకు తెల్లగా మంచు పడుతుంది. లోపల గోడకు అంటిన పాలు సన్నటి పొరలాగా గడ్డకట్టడం, తెడ్డు దాన్ని గీకి మధ్యలోకి తోయడం, కొత్త పాలు గోడకు అంటడం, ఇదే జరుగుతూ ఉంటుంది. పలుకు పెద్దదయ్యే సమయమే దొరకదు. ఇంకో పది నిమిషాలకు పిల్లలు ఒక్కొక్కరే జారుకుంటారు, పిడి బరువెక్కింది కదా. అప్పుడు కొడుకుల్ని పిలవాలి. తిప్పలేనంత బిగుసుకునేదాకా తిప్పొద్దు. కరిగిన వెన్న వారినట్టు తెడ్డు నుంచి మెల్లగా జారుతున్నప్పుడే ఆపాలి. అప్పటికి అది మైనస్ అయిదు దగ్గర ఉంటుంది, అందులో నీళ్ళు సగమే గడ్డకట్టి ఉంటాయి. అడుగున చేరిన ఉప్పునీళ్ళను మధ్యమధ్యలో పారబోసేవాళ్ళున్నారు. పారబోయకండి, చలిని డబ్బాకు అందించేది ఆ నీళ్ళే. బకెట్టు పొర్లిపోయేటట్టుంటే మాత్రం కాస్త తీయండి.

తెడ్డు తీసేసి, మూత బిగించి, మిగిలిన ఐసూ ఉప్పూ పోసి, తడి గోనెసంచి కప్పి రెండు గంటలు వదిలేస్తే చెంచాకు నిలిచేంత గట్టిపడుతుంది. ఈ రెండు గంటలు పిల్లల్ని ఆపడం తిప్పడంకన్నా కష్టం. మా ఇంట్లో సగం ఐస్‌క్రీమ్ తెడ్డు నాకడంలోనే అయిపోతుంది.

బకెట్టు లేదని ఆగిపోనక్కర్లేదు. పెద్ద ప్లాస్టిక్ బకెట్టు, అందులో మూత బిగుతుగా పట్టే పొడుగాటి స్టీలు డబ్బా చాలు. చుట్టూ ఐసూ ఉప్పూ పోసి డబ్బాను మూతమీద పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. అయిదు నిమిషాలకొకసారి మూత చుట్టూ గుడ్డతో తుడిచి, తెరిచి, గోడకు అంటినదాన్ని ముద్ద కెలికే కట్టెతో గీకి కలపాలి. కుల్ఫీ బండివాళ్ళు కుండలో పోసేదీ ఈ ఐసూ ఉప్పే. ఉప్పూ ఐసూ రెండూ లేక ఫ్రీజరే దిక్కయితే, లోతు డబ్బా వద్దు, పళ్ళెంలాంటి వెడల్పు గిన్నెలో పలచగా పోసి అరగంటకొకసారి తీసి గట్టిగా గిలక్కొట్టండి, మూడు నాలుగు సార్లు. చివరిసారి పైన ప్లాస్టిక్ కాగితం అంటించి మూత పెట్టండి. క్రీమ్ గిలక్కొట్టి డబ్బాపాలు కలిపి ఫ్రీజర్లో పెట్టే పద్ధతి ఇప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. గట్టిపడ్డాక మెత్తగానే ఉంటుంది, అబద్ధం కాదు. క్రీమ్‌లో ముందే గాలి పట్టి ఉంటుంది, డబ్బాపాలల్లో చక్కెర మోపెడు. రెండు చెంచాలకే మొహం మొత్తే ఆ తీపి నాకు నచ్చదు. ఐస్‌క్రీమ్ ఇంకొంచెం కావాలనిపించాలి.

పండ్లకు మా వైపు కొదవ లేదు. శ్రీనివాసపురం, చింతామణి తోటల మామిడి ఎండాకాలంలో సంతలకు దిగుతుంది. ఐస్‌క్రీమ్‌కు నా ఓటు రసపురికి, ఆ తర్వాత బాదామికి. తోతాపురి వేస్తే పులుపు తప్ప వాసన రాదు. మామిడిలో నూటికి ఎనభైకి పైగా నీళ్ళే, కాబట్టి గుజ్జును చక్కెరతో చిన్న మంట మీద కాస్త దగ్గరికి రానిచ్చి, పూర్తిగా చల్లార్చి, తిప్పడం సగమయ్యాక వేయాలి. వేడి పాలల్లో పుల్లటి గుజ్జు పోస్తే విరిగిపోతుంది. పండు ముక్కలు అలాగే వేస్తే చలికి రాళ్ళవుతాయి, ముందురాత్రి చక్కెర పాకంలో నానబెడితే మెత్తగా ఉంటాయి. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు వాసనా రంగూ తోలులోనే ఉంటాయి. తోలుతో సహా ఉడికించి, వడగట్టి, పాకంలాగా చిక్కబడనిచ్చి కలిపితే వంకాయరంగు ఐస్‌క్రీమ్ వస్తుంది, రంగు పొడి పని లేదు. బెల్లం వేయాలనుకుంటే పాకం చేసి వడగట్టి, చల్లటి పాలల్లో మాత్రమే పోయండి. ఏలకి అరటిపండు, పనసతొన, వేయించిన సెనక్కాయల పొడి, అన్నీ చేసి చూశాం. ఓటు వేస్తే మా పిల్లలు సెనక్కాయలనే గెలిపించారు.

పండూ పాలూ చక్కెరా, ఇంతే పెట్టుబడిగా పెద్ద వ్యాపారం చేసినవాళ్ళున్నారు. మన కర్ణాటకలోనే ముల్కిలో పండ్లమ్ముకునే తండ్రికి పుట్టిన రఘునందన్ కామత్ 1984లో ముంబయి జుహూలో పెట్టిన చిన్న అంగడే ఇప్పటి ‘నేచురల్స్’. హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్లో చేత్తో తిప్పిన పండ్ల ఐస్‌క్రీమ్‌తోనే పేరు తెచ్చుకున్న అంగళ్ళున్నాయి. ఆ వైపు వెళ్ళినప్పుడు సీతాఫలం కాలమైతే వదలకండి.

కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సినవి రెండు. ‘ఐస్‌క్రీమ్’ అని రాయాలంటే పాల కొవ్వు నూటికి పదికి తగ్గకూడదని మన దేశంలో నియమం. పామాయిల్ లాంటి నూనె కలిపినదాన్ని ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అనే పేరుతోనే అమ్మాలి. డబ్బా రెండింటికీ ఒకేలా ఉంటుంది, అక్షరాలే వేరు. రెండోది బరువు. లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలని రూలు, అంటే లీటరు డబ్బాలో సగానికి దగ్గర దగ్గర గాలి ఉండొచ్చన్నమాట. గాలి లేకపోతే ఐస్‌క్రీమ్ మెత్తగా రాదు నిజమే, కానీ ధర లీటర్లలో కాక గ్రాముల్లో లెక్కేసుకోండి. చేత్తో తిప్పినదాంట్లో గాలి తక్కువే పడుతుంది. అందుకే ఇంట్లోది చిన్న గిన్నెడుకే కడుపు నిండుతుంది.

జాగ్రత్తలు కొన్ని. పచ్చిపాలతో చేయొద్దు. కరిగిపోయిన ఐస్‌క్రీమ్‌ను మళ్ళీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టొద్దు. చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది, కరిగినప్పుడు అవి లేస్తాయి. ఫ్యాక్టరీ ఐసు బకెట్టులోకే, గ్లాసులోకి కాదు. తినడానికి కాని ఐసులో నీలిరంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ చెప్పింది కూడా అందుకే. నీలంగా కనిపించిన గడ్డను చెరుకు రసంలో వేయనివ్వకండి.

అంతా తినడం అయ్యాక బకెట్టులో రెండు మూడు చెంబుల ఉప్పునీళ్ళు మిగులుతాయి. వాటిని పెరట్లో కరివేపాకు పాదులో గాని, పశువుల తొట్టి దగ్గర గాని పారబోయకండి. ఉప్పు నేలలో చేరితే మొక్క వేర్లు నీళ్ళు తాగలేవు, మా ఎండు నేలల్లో దాన్ని కడిగే వాన జూన్ దాకా రాదు. వెడల్పు పళ్ళెంలో పోసి మిద్దె మీద పెట్టండి. ఎండకు నీళ్ళు ఇగిరిపోయి ఉప్పు పళ్ళెంలో మిగులుతుంది, వంటకు కాదు గానీ మళ్ళీ ఐస్‌క్రీమ్ చేసేటప్పుడు బకెట్టుకు అదే సరిపోతుంది.